స్పాంజి కడిగేసి, దిష్టి పోయిందంటారు

గృహప్రవేశమైన నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే ఏంజెల్ చేప ఒకటి అద్దానికి ఆనుకుని పక్కకి ఒరిగి ఉంది. మూతి నీటి పైకి ఆనించి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. సాయంత్రానికి పోయింది. మర్నాడు ఇంకో మూడు. వారం తిరిగేసరికి పద్నాలుగింట్లో తొమ్మిది పోయాయి. ఆఖరిదాన్ని మా అత్తయ్య పేపరు ముక్క మీద తీసుకెళ్లి బాల్కనీలో తులసికి దూరంగా ఉన్న కుండీలో పూడ్చి, చేతులు కడుక్కుంటూ, "బాధపడకు బాబూ. మనింటికి తగలాల్సిన దిష్టి అవి పట్టుకుపోయాయి. మంచిదే అయింది" అంది.

గుమ్మానికి అప్పటికే బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. లారీ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. ఇన్ని ఏర్పాట్లుండగా దిష్టికి రెండంగుళాల చేపలే దొరికాయా అని అడగొచ్చు. అడగలేదు. తలూపాను. ఆ మాటలో నాకు పెద్ద ఊరట ఉంది మరి: దిష్టి పట్టుకుపోయిందంటే, చంపింది నేను కానట్టే.

చంపింది నేనే. అది తెలియడానికి రెండేళ్లు పట్టింది. అప్పటినుంచి ఇల్లు మారుతున్నామని ఎవరైనా అంటే, వాళ్లింట్లో చేపల తొట్టి ఉందని తెలిస్తే, నేను కాస్త గట్టిగానే మాట్లాడుతున్నాను. ఇక్కడా అంతే.

ఇల్లు మారితే చేపలు చస్తాయన్నది మనలో దాదాపు అందరూ ఒప్పేసుకున్న విషయం. చేపలమ్మే కొట్టువాడు, "కుదుపుకి ఆగవు సార్, సున్నితమైన ప్రాణాలు" అంటాడు. ప్యాకర్ల సూపర్‌వైజరు రసీదు రాసేటప్పుడే దేవుడి పటాలకీ చేపలకీ మా పూచీ లేదని చెప్పేస్తాడు. దీనికి విరుగుడేమిటంటే అందరి నోటా ఒకటే మాట: పాత నీళ్లు పారబోయొద్దు, డబ్బాల్లో పట్టుకెళ్లి కొత్తింట్లో పొయ్యండి. దాని తోక పట్టుకుని ఇంకో సలహా వస్తుంది: ఎలాగూ తొట్టి ఖాళీ చేస్తున్నారు కదా, రాళ్లూ ఫిల్టరూ శుభ్రంగా కడిగేయండి, కొత్తింటికి మురికెందుకు?

నేను ఈ సలహా అక్షరం పొల్లుపోకుండా పాటించాను. మల్కాజిగిరి నుంచి మియాపూర్‌కి ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు నాలుగింటి నిండా పాత నీళ్లు నింపి తీసుకెళ్లాను. అంటే ఎనభై కిలోలు. కొత్త అపార్ట్‌మెంట్‌లో లిఫ్టుకి ఇంకా కరెంటివ్వలేదు, మాది నాలుగో అంతస్తు. క్యాన్ భుజానికెత్తిన కుర్రాడు రెండో అంతస్తు మెట్ల మలుపులో ఆగి మూత తీసి వాసన చూసి, "ఇవి తాగే నీళ్లు కాదా సార్?" అని అడిగాడు. ఇటు గులకరాళ్లని బకెట్లో పోసి బియ్యం కడిగినట్టు ఆరేడుసార్లు కడిగాను. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టి, గోధుమరంగు మష్టు అంతా పోయి పసుపుపచ్చ తేలేదాకా పిండాను. దాన్ని ఎండలో ఆరేశాను కూడా. ఎంత శ్రద్ధో చూడండి.

మొదట ఆ కుదుపు సంగతి తేల్చుకుందాం. హైదరాబాద్ కొట్లలో కనిపించే గప్పీలూ మోలీలూ ఏంజెల్సూ చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా చుట్టుపక్కల పెంపకాల నుంచో వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతా అంతా ఆక్సిజను, మూతికి రబ్బరు బ్యాండు, అలాంటి సంచులు కుక్కిన థర్మోకోల్ పెట్టె. రాత్రంతా రైల్లోనో బస్సు కింద డిక్కీలోనో పడి వస్తాయి. ఆ రాత్రి తట్టుకుని కొట్టుకి చేరి, కొట్టులో పది రోజులుండి, ఇంకో సంచిలో మీ స్కూటర్ హ్యాండిల్‌కి వేలాడుతూ ఇంటికొచ్చిన చేప, ఊళ్లోనే గంటన్నర కారు ప్రయాణానికి చస్తుందా? పైగా మా చేపలు దారిలో చావలేదు. సంచి విప్పినప్పుడు పద్నాలుగుకి పద్నాలుగూ హుషారుగా ఉన్నాయి. అత్తయ్య వచ్చిన చుట్టాలకి చూపించింది కూడా. కుదుపుకి చచ్చే చేప కారులోనే చస్తుంది. మర్యాదకోసం నాలుగు రోజులు ఆగదు.

ఆ నాలుగు రోజుల్లోనే ఉంది అసలు కథ.

చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మేత వెయ్యకపోయినా వదులుతుంది. చెరువైతే అది ఎక్కడికో కొట్టుకుపోతుంది, మూడడుగుల అద్దాల పెట్టెలో ఎక్కడికీ పోదు. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు కొన్ని అమ్మోనియాని నైట్రైట్ చేస్తాయి, ఇంకొన్ని ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి. మొదటిది విషం. రెండోదీ విషమే, రక్తం ఆక్సిజను మోయలేకుండా చేస్తుంది. మూడోది మాత్రం మోతాదు మించనంతకాలం చేప సహిస్తుంది. ఈ జీవులు ఈదుతూ తిరిగే రకం కావు. ఏదో ఒకదాన్ని పట్టుకుని, జిగురు కట్టుకుని, గుంపుగా కాపురం ఉంటాయి. బావి గట్టు మీద కాలు జారుతుందే, ఆ పాకుడు లాంటిదన్నమాట. తొట్టిలో వాటికి పెద్ద ఊరు స్పాంజి; రంధ్రాలెక్కువ, వాటిగుండా ఆక్సిజనున్న నీళ్లు ఎప్పుడూ పారుతుంటాయి. తర్వాత గులకరాళ్లు, అద్దాలు, మొక్కల ఆకులు. నీళ్లలో తేలుతూ ఉండేవి లెక్కలోకి రానంత తక్కువ. పెరగడమూ నిదానమే. పాలు తోడుకునే బాక్టీరియా గంటల్లో పెరుగుతుంది, వీటికి ఒక్కసారి రెట్టింపవ్వడానికే దాదాపు రోజు పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలంటారు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చూడండి. ఊరిని క్లోరిన్ నీళ్లతో కడిగి, ఎండబెట్టి, ఊరి మురుగునీటిని మాత్రం నాలుగంతస్తులు మోయించాను.

పాత నీళ్లలో నిజంగా ఏముంటుంది? నెలల తరబడి పేరుకున్న నైట్రేటూ, ఆకులూ మేతా కుళ్లిన పసుపు రంగూ ఉంటాయి. ఉండాల్సిన ఖనిజాల్లో కొంత తరిగిపోయి ఉంటుంది. ఎందుకంటే ఆ సూక్ష్మజీవులు పనిచేస్తూ నీళ్లలోని కార్బొనేట్లని ఖర్చు చేస్తాయి. అది తరిగేకొద్దీ నీళ్లు పులుపు వైపు జారతాయి. ఏళ్లు గడిచిన తొట్టిలో చేపలు ఇలాంటి నీళ్లకి మెల్లగా అలవాటుపడి బతుకుతుంటాయి, కొత్తగా వేసిన చేప మాత్రం రెండ్రోజుల్లో పోతుంది. "కొత్త చేపలకి మా నీళ్లు పడవు" అని గర్వంగా చెప్పుకునే ఇళ్లు నాకు తెలుసు. పడకపోవడం నీళ్ల గొప్పతనం కాదు మహాశయా.

ఈ పాత నీళ్ల భక్తి మన దగ్గర పుట్టింది కూడా కాదు, అక్వేరియంతో పాటే వచ్చింది. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజు పాత్రలో గోల్డ్ ఫిష్‌నీ నీటి మొక్కనీ నత్తలనీ కలిపి పెంచి, నీళ్లు మార్చకుండానే ఇవి ఒకదాన్నొకటి పోషించుకుంటూ బతుకుతాయని కెమికల్ సొసైటీకి రాశాడు. చేప వదిలింది మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలింది చేప తీసుకుంటుంది, రాలింది నత్త తింటుంది. అందమైన లెక్క. దాన్నే పట్టుకుని ఆ తర్వాతి తరాల పెంపకందార్లు నీళ్లు ఎంత పాతబడితే అంత మంచివన్నారు, సారా పీపాల గురించి మాట్లాడినట్టు మాట్లాడారు. చమత్కారమేమిటంటే, ఆ లెక్కలో తప్పిపోయిన నాలుగో పాత్ర గుట్టు విప్పినవాళ్లలో వారింగ్టన్ కొడుకే ఒకడు. పేరూ తండ్రిదే, రాబర్ట్ వారింగ్టనే. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పొలం మట్టి మీద పనిచేస్తూ, అమ్మోనియా నైట్రేట్‌గా మారేది సూక్ష్మజీవుల వల్లేననీ, అది రెండు మెట్లలో జరుగుతుందనీ చూపించాడు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త ఆ జీవుల్ని వేరుచేసి పెంచాడు. తండ్రి తొట్టి, కొడుకు మట్టి. రెండూ ఒకే ఇంట్లో ఉన్నా పెంపకందార్లు ఈ రెంటినీ కలిపి చూడ్డానికి చాలా దశాబ్దాలు పట్టింది. శాస్త్రం ఆ తర్వాత కూడా పేర్లు సవరించుకుంటూనే ఉంది: మంచినీటి తొట్లలో నైట్రైట్‌ని మార్చేది పాఠ్యపుస్తకాల్లోని నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని 1998లో తేలింది, రెండు మెట్లూ ఒక్కటే ఎక్కేసే నైట్రోస్పైరా కూడా ఉందని 2015లో తేలింది, ఆ ఏడాది దాన్ని పట్టుకున్న చోట్లలో ఒకటి చేపల పెంపకానికి వాడే ఫిల్టరు. ఇందులో ఎక్కడా, ఎవరూ, వాటి నివాసం నీళ్లని చెప్పలేదు.

"మరి మా బావమరిది పాత నీళ్లు పట్టుకెళ్లాడు, చేపలన్నీ బతికాయి కదా?" ఇది నాకు తరచూ ఎదురయ్యే వాదం, తీసిపారేసేది కాదు. నేను అడిగే ప్రశ్న ఒకటే: ఫిల్టరు కడిగాడా? ఇంతవరకు నాకొచ్చిన జవాబు, "లేదండీ, టైము లేక అలాగే సంచిలో పడేసి తెచ్చాడు." బద్ధకం బతికించిన చేపల ఖ్యాతి పాత నీళ్లు కొట్టేశాయి. అప్పుడప్పుడూ శుభ్రత మీద మనకున్న మోజు కన్నా బద్ధకమే మేలు చేస్తుంది.

పాత నీళ్లని సమర్థించేవాళ్ల చేతిలో ఒక గట్టి వాదం మాత్రం ఉంది, దాన్ని ఒప్పుకోకపోతే నేను అన్యాయం చేసినట్టే. ఇల్లు మారితే నీరు మారుతుంది. హైదరాబాద్‌లో ఇది ఊహ కాదు. ఒక కాలనీకి కృష్ణా నీళ్లు, ఇంకోదానికి మంజీరా, మరోదానికి గోదావరి. కొత్త అపార్ట్‌మెంట్లలో అయితే సంపులో ఏముందో వాచ్‌మన్‌కి కూడా సరిగా తెలీదు: కొంత బోరు, కొంత ట్యాంకరు, వచ్చిన రోజు కాస్త మునిసిపల్ నీరు. మా పాత ఇంట్లో టీడీఎస్ మీటరు 280 చూపేది, కొత్తింట్లో 900 దాటింది. బోరు నీళ్లు బకెట్ అడుగున తెల్లటి పొర కట్టేవి. 280కి అలవాటుపడిన టెట్రాని తీసి 900లో వేస్తే దానికి కష్టమే, కాదనను.

అయితే దానికి ఎనభై కిలోలు మోయక్కర్లేదు. చేపల్ని తెచ్చిన బకెట్లో ఉన్న పాత నీళ్లు చాలు. అందులోకి కొత్త నీళ్లు గ్లాసు గ్లాసుగా, గంటా గంటన్నర పాటు కలుపుతూ పోవడమే. ఇంకా తెలివైన పద్ధతి తిరగేసి చెయ్యడం. ఇల్లు మారే ముందు రెండు నెలలు వడ్రంగుల పని చూడ్డానికనో, టైల్స్ గొడవకనో ప్రతి ఆదివారం కొత్తింటికి పోతూనే ఉంటాం. వచ్చేటప్పుడు ఒక క్యాన్ ఆ ఇంటి నీళ్లు తెచ్చి, క్లోరిన్ పోగొట్టి, పాతింటి తొట్టిలో మార్చిన నీళ్ల స్థానంలో పొయ్యండి. ఇల్లు మారే రోజుకి చేప అప్పటికే ఆ నీళ్లలో ఉంటుంది. పాత నీళ్లు కొత్తింటికి మోసే ఓపికున్నవాళ్లకి కొత్త నీళ్లు పాతింటికి తేవడం బరువు కాదు. కొందరు ఈ తలనొప్పంతా ఎందుకని తాగే ఆర్వో క్యాన్లతో తొట్టి నింపుతారు, అందులో ఖనిజాలు బాగా తక్కువ కాబట్టి నీటి పులుపు ఎప్పుడు ఎటు దూకుతుందో తెలీదు. అది ఇంకో రకం తొందరపాటు.

బోరు నీళ్ల దగ్గర ఇంకో మడత పేచీ ఉంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి చేపకి పెద్దగా హాని చెయ్యదు, రెండోది మొప్పల్ని కాలుస్తుంది. ఏది ఎంతన్నది నీటి పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర హాని చేసే రూపం వందకి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే వందకి ఐదు దాటుతుంది. అదే అమ్మోనియా, దాదాపు పదింతల విషం. అదే నా కొంప ముంచింది. పులిసిన పాత నీళ్లలో ఆ కాస్త అమ్మోనియా నిద్రపోతోంది. పైనుంచి నేను పీహెచ్ పెంచే గట్టి బోరు నీళ్లు పోశాను. కింద ఫిల్టరులో పనిచేసేవాళ్లు లేరు. పాత నీళ్లు వరమిస్తాయన్నారు, అవి తెచ్చిందేమో అప్పు.

హైదరాబాద్ నుంచి విశాఖకో బెంగళూరుకో రాత్రంతా సంచిలో వెళ్లే చేపలకైతే ఇది మరీ ముఖ్యం. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ నిండి పీహెచ్ పడిపోతుంది, అందువల్లే పేరుకున్న అమ్మోనియా దాన్ని చంపకుండా ఊరుకుంటుంది. ఊరు చేరాక సంచి విప్పి, గాలి తగిలించి, మెల్లగా గట్టి నీళ్లు కలుపుతూ కూర్చుంటే ఆ అమ్మోనియాని మనమే లేపినట్టు. అలాంటప్పుడు సంచిని మూసే ఉంచి కాసేపు తొట్టిలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక, చేపని చిన్న వలతో ఎత్తి తొట్టిలో వేసి సంచి నీళ్లు పారబోయాలి. అవును, పారబోయాలి. గంట ప్రయాణానికి ఒక పద్ధతి, రాత్రి ప్రయాణానికి ఇంకో పద్ధతి. అందరికీ ఒకే "పాత నీళ్లు" మంత్రం చెప్పేవాడు ఈ తేడా చెప్పడు.

కొట్టువాడు ఇల్లు మారే రోజున చేతిలో పెట్టే నీలం మందు గురించి కూడా ఒక మాట. "ముందు జాగ్రత్తకి పది చుక్కలు వేసుకోండి సార్." జబ్బు లేని చేపకి మందెందుకని పక్కనపెట్టినా, ఆ నీలం మందు ఫిల్టరులో ఉన్న జీవులకి కూడా పడదు. బతికున్న కాస్త కాపురాన్నీ ఖాళీ చేయించడానికి మనం డబ్బిచ్చి మరీ కొనుక్కుంటున్నాం. కొనదలిస్తే క్లోరిన్ పోగొట్టే మందు కొనండి. ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో హైపో అనేవాళ్లే, ఆ సోడియం థయోసల్ఫేట్ పలుకులే అది. మన ఇళ్ల మార్పులన్నీ ఆషాఢం అయ్యాక శ్రావణంలో పడతాయి, వానల్లో కుళాయి విప్పితే క్లోరిన్ ఘాటు నాకు ముక్కుకే తెలుస్తుంటుంది.

తొట్టిని నీళ్లతోనే ఎత్తి మోసేవాళ్లున్నారు, వాళ్లతో వాదించను, లెక్క చెబుతాను. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో పట్టేది 127 లీటర్లు. పావు వంతు నీళ్లుంచినా ముప్పై రెండు కిలోలు, ఆరు మిల్లీమీటర్ల గాజు ఇరవై కిలోలు, రాళ్లు పది పన్నెండు. అరవై కిలోల పైమాటే. ఇద్దరు ఎత్తగానే నీళ్లు ఒక మూలకి పరిగెత్తుతాయి, ఆ విసురంతా అంచుల్లోని సిలికాన్ అతుకు మీద పడుతుంది. ఆ రోజు పగలకపోవచ్చు. పది రోజుల తర్వాత అర్ధరాత్రి మీ కొత్త సోఫా కింద తడి తగులుతుంది.

ఇక దిష్టి. నమ్మేవాళ్ల నమ్మకం మీద నాకు పేచీ లేదు, గుమ్మడికాయ మా ఇంటికీ ఉంది. పేచీ అల్లా ఆ మాట చేసే పని మీద. చేప చావగానే దానికో పుణ్యం అంటగట్టి సంతాపసభ ముగించేస్తే ఫిల్టరు వైపు ఎవరూ చూడరు. వచ్చే ఇల్లు మారేటప్పుడు మళ్లీ అదే స్పాంజి అదే కుళాయి కిందకి వెళ్తుంది. వాస్తు కోసమని అరోవానా కొన్న ఇంటాయన ఒకరు, అది ఇల్లు మారిన వారానికి పోతే, "పెద్ద గండం తప్పింది" అని ఇంకోటి కొన్నారు. రెండోదీ నెల తిరక్కుండా పోయింది. ఒక ఇంటికి అన్ని గండాలుంటాయా? తొట్టిలో అమ్మోనియా ఎంతుందో చూసే చుక్కల కిట్టు ఖరీదు ఆ అరోవానాలో నాలుగో వంతు కూడా లేదు.

కొందరిది ఇంతకన్నా సుళువైన దారి. మోయలేమని తేల్చుకుని, దగ్గర్లో చెరువు చూసి వదిలేస్తారు, పైగా పుణ్యమంటారు. నియాన్ టెట్రాని చెరువులో వదలడం కొర్రమీనుకి ఫలహారం పెట్టడమే. అది పోతే పోయింది, బతికేవాటితోనే అసలు చిక్కు. తొట్టి అడుగు నాకుతుందని "క్లీనర్" పేరుతో కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. కొట్టులో రెండంగుళాలుంటుంది, అడుగు దాటి పెరుగుతుంది, ఒళ్లంతా పెంకు, ముళ్లు. తెలుగు నేల చెరువుల్లోనూ కాల్వల్లోనూ అది ఇప్పుడు వలల్లో పడుతోంది. తినడానికి పనికిరాదు, వల చింపుతుంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఎవరో ఎక్కడో ఇల్లు మారుతూ మూటగట్టుకున్న పుణ్యంలో దానికీ కొంత వాటా ఉండే ఉంటుంది. మోయలేకపోతే కొట్టువాడికే తిరిగి ఇచ్చెయ్యండి, డబ్బులియ్యకపోయినా తీసుకుంటాడు. లేదా మేడ మీద తొట్టి ఉన్న ఇంకో పిచ్చివాణ్ని వెతకండి. ప్రతి కాలనీకీ ఒకడుంటాడు.

"యాభై రూపాయల గప్పీకి ఇంత పురాణమా?" అని మా తమ్ముడు అడిగాడు. నేను చెప్పినవాటిలో డబ్బయ్యేది దాదాపు ఏదీ లేదురా అన్నాను. ఎక్కువ భాగం చెయ్యకుండా ఉండాల్సిన పనులే. కడగొద్దు. ఆరేయొద్దు. నీలం మందు వెయ్యొద్దు. రెండ్రోజుల ముందునుంచి మేత వెయ్యొద్దు, చేపకి రెండ్రోజుల పస్తు ఏకాదశి ఉపవాసం కన్నా తేలిక, సంచిలో మలినమూ తగ్గుతుంది. హీటరుంటే స్విచ్చి తీసిన పావుగంట దాకా నీళ్లలోంచి బయటికి తియ్యొద్దు, గాజు పగులుతుంది. సోమరిపోతుకి కూడా అందే శాస్త్రం ఇది.

రెండోసారి మేం ఇల్లు మారింది పోయిన శ్రావణంలో, మియాపూర్ నుంచి బాచుపల్లికి. ఈసారి నీళ్లు బాత్రూంలో పారబోశాను, బకెట్‌కి సరిపడా తప్ప. రాళ్లని కడక్కుండా, పైపైన మాత్రం పాత నీళ్లలో ఒకసారి జాడించి టబ్బులో వేశాను, అడుగున గడ్డకట్టిన మురికి ఒక్కసారిగా కొత్త నీళ్లలో కలవడం కూడా మంచిది కాదు కాబట్టి. స్పాంజిని పెద్ద స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, సగం మునిగేలా పాత నీళ్లు పోసి, మూత పెట్టకుండా నా ఒళ్లో పెట్టుకున్నాను. మూత బిగిస్తే ఆ జీవులకి గాలి అందదు. గంటలకొద్దీ గాలాడకపోతే అవీ పోతాయి, ఫిల్టరు డబ్బా మూసి లారీలో పడేసేవాళ్లు చేసే తప్పు అదే. కారు మలుపు తిరిగినప్పుడల్లా ఆ గోధుమరంగు నీళ్లు అంచుదాకా వచ్చి నా ప్యాంటు మీద కాస్త చిందుతున్నాయి. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, "గా డబ్బలేంది సార్, వాసనొస్తుంది?" అన్నాడు. మా ఆవిడ కిటికీ దించి, "దేవుడి పటాలు డిక్కీలో పెట్టి దీన్ని ఒళ్లో పెట్టుకున్నారు" అంది అతనితో. ఆవిడ ఫిర్యాదులో న్యాయముంది.

కొత్తింట్లో తొట్టి కింద థర్మోకోల్ షీటు పరిచి, నీళ్లు నింపి, క్లోరిన్ మందు వేసి, ఫ్రిజ్ కన్నా ముందు ఫిల్టరుకి ప్లగ్గు పెట్టాను. స్పాంజి ఆగింది మొత్తం రెండు గంటల పది నిమిషాలు. తర్వాత పది రోజులూ పొద్దున్నే బ్రష్షు చేసుకునే ముందు చుక్కల కిట్టుతో చూశాను. రెండో రోజు ఒక్కసారి గొట్టంలో నీళ్లు పసుపులోంచి లేత ఆకుపచ్చకి తిరిగాయి. బకెట్ నీళ్లు మార్చాను. మర్నాటికి మళ్లీ పసుపు. అంతే.

పదహారు చేపలు తెచ్చాం, పదిహేను మిగిలాయి. పాల పొంగలి హడావిడిలో బకెట్ వంటింటి గుమ్మం పక్కన పెట్టాను, ఒక నల్ల మోలీ ఎగిరి బయట పడింది. ఎవరూ చూడలేదు. అత్తయ్యే ముందుగా కనుక్కుంది, టైల్స్ మీద ఎండిపోయి ఉంది. దాన్ని పేపరు ముక్క మీదకి తీస్తూ నా వైపు తిరిగి ఏదో అనబోయింది.

"బకెట్ మీద పళ్లెం పెట్టడం మర్చిపోయానత్తయ్యా" అన్నాను.